బండి కదలగానే ఆగిపోయే మా భీముడు

మిన్నెసోటాలో బరువులాగుడు పోటీకి వెళ్లినప్పుడల్లా మా మాలమ్యూట్ కుక్క భీముడు బండి కదలగానే ఆగి వెనక్కి చూసేవాడు. ఈ పోటీలు నడిపే అంతర్జాతీయ సంఘం ఐడబ్ల్యూపీఏ నియమం ప్రకారం నిమిషంలో 16 అడుగులు లాగాలి. ఆలోపు మనం వాణ్ణి తాకకూడదు, తిండి ఆశ చూపకూడదు. బలం చాలదనుకుని సాధనలో బరువు పెంచాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అసలు కారణం బండి లాగడానికి వాడి ఒంటికి తొడిగే పట్టీ (హార్నెస్). అది పొట్టిగా ఉండి, వెనకున్న అడ్డకర్ర ప్రతి అడుగుకూ వాడి కాళ్లకు తగులుతోంది. కొలతలు తీసి పొడవైనది కుట్టించాను: గొంతు నొక్కదు, ఛాతీ మీద మెత్త ఉంటుంది, కర్ర కాళ్లకు దూరంగా ఉంటుంది. మూడు వారాలు బరువు మాటే ఎత్తలేదు. తేలికపాటి గొలుసు ఈడుస్తూ నడక, ఆ చప్పుడుకు బెదరడం మానాక ఖాళీ బండి. ప్రతిసారీ గీత అవతల నిలబడి ఒకటే పిలుపు: "రా నాన్నా!"

మొన్న శనివారం తల వంచి లాగడం మొదలుపెట్టినవాడు గీత దాటేదాకా ఆగలేదు.