బెంచ్ 60 కిలోల దగ్గర ఆగిపోతే: అనంతపురంలో నాకు పనిచేసిన పద్ధతి

ఆరు రోజుల స్ప్లిట్, అంటే రోజుకో శరీర భాగం. సోమవారం ఛాతీ, మళ్లీ సోమవారం దాకా దాని ఊసే లేదు. బెంచ్ ప్రెస్ (పడుకుని బార్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టడం) 60 కిలోలు, 5 రెప్స్ (ఆపకుండా ఎత్తే సార్లు) దగ్గర మొండికేసింది. డబ్బా పౌడర్లు, డ్రాప్ సెట్లు (బరువు తగ్గిస్తూ ఆగకుండా చేసేవి), రెండు పూటలా జిమ్ము, అన్నీ దండగే.

ముందు వారాన్ని నాలుగు రోజులకు కుదించా: సోమ, గురువారాలు నడుము పైభాగం, మంగళ, శుక్రవారాలు కాళ్లు. రోజూ మొదటి లిఫ్ట్ ఒక్కటే బరువుగా. బెంచ్ అయితే 52.5 కిలోలతో 4 సెట్లు, 5 రెప్స్, మధ్యలో 3 నిమిషాల విశ్రాంతి. ఆ తర్వాత డంబెల్స్, కేబుల్‌తో 8 నుంచి 12 రెప్స్, పాత స్ప్లిట్‌లో లాగే.

అసలు కిటుకు ప్లేట్లలో ఉంది. మా జిమ్ములో అన్నిటికన్నా చిన్నది 2.5 కిలోలు, రెండు వైపులా వేస్తే ఒకేసారి 5 పెరుగుతుంది, నాలుగో రెప్‌కే బార్ ఛాతీ మీద కూర్చుంటుంది. 1.25 కిలోల జత కొని బ్యాగులో వేసుకున్నా (బస్సులో మోయడం విసుగే). 4 సెట్లూ నిండితేనే తర్వాతిసారి 2.5 పెంచడం. వరుసగా రెండుసార్లు తప్పితే పది శాతం తగ్గించి మళ్లీ ఎక్కడం.

ప్రోటీన్ ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాములు. మన శెనక్కాయలతోనే నింపాలంటే నూనే ఎక్కువ లోపలికి పోతుంది. గుడ్లు, చికెన్ లాంటివి కావాల్సిందే.

కొత్తగా చేరినవాళ్లకు ఏ పద్ధతైనా కండ పెంచుతుంది, వాళ్లకు ఇంత లెక్క అక్కర్లేదు. స్ప్లిట్‌లోనే ఛాతీకి వారంలో రెండు రోజులు పడుతుంటే, బహుశా ప్లేట్లు మార్చుకుంటే చాలు.