ఎండకు ఆగి నేలంతా పరుచుకునే పూల మొక్కలు ఎలా పెంచాలి?

విజయనగరంలో మా ఇంటి గేటు పక్కన ఆరడుగుల వెడల్పు జాగా ఒకటి ఉంది. ఎర్ర నేల, నీడ అన్నది ఉండదు. మార్చి వచ్చేసరికి చెప్పులు లేకుండా కాలు పెట్టలేం. అక్కడ లాన్ వేద్దామని ఒక ఏడాది మోజుపడ్డాను. రోజూ మోటారు వేసి తడిపినా మే నెలకి గడ్డి మాడిపోయింది. మరుసటేడు పక్కింటి పిన్ని ఇచ్చిన గడ్డి గులాబీ కొమ్మలు గుచ్చాను. వేసవంతా విరగబూసి, జూలై ముసురుకి వారంలో కుళ్లిపోయాయి. వాన తెరిపిచ్చిన రోజుల్లో నేను పోసిన నీళ్లు కూడా అందుకు సాయపడ్డాయి లెండి. "ఎండకి చావలేదు బాబూ, నీళ్లు పోసి నువ్వే చంపీసినావు" అంది పిన్ని.

నిజమే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యనే. ఆ తర్వాత నెలల తరబడి పెద్దగా చినుకు ఉండదు. ఈ మొక్కలు వేసవి దాహాన్ని తమంతట తామే ఓర్చుకుంటాయి. వానాకాలంలో వేరు కుళ్లకుండా చూడాల్సింది మనం.

ముందు తుంగ సంగతి

మొక్కలు కొనకముందే మే నెలలో నేలను జానెడు లోతు తవ్వి, మట్టి పెళ్లల్ని అలాగే ఎండకు వదిలేయండి. తుంగ కలుపును పైపైన పీకితే లాభం లేదు, నేలలో ఉన్న దాని గడ్డ మళ్లీ మొలుస్తుంది. తవ్వినప్పుడు కనిపించిన ప్రతి తుంగ గడ్డనూ ఏరేయాలి. తొలకరికి మళ్లీ మొలిచినవాటిని బొరిగతో తవ్వి తీయాలి. విసుగు పుట్టించే పనే. కానీ పూల మొక్కలు అల్లుకున్నాక వాటి మధ్య తుంగ తీయడం ఇంతకు పదింతల విసుగు.

మడి ఎత్తు చేయడం

నడిచే దారికంటే మడి కనీసం 6 అంగుళాలు ఎత్తుండాలి, నీళ్లు ఒక పక్కకి జారిపోయేలా కాస్త వాలుండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల గెత్తం (పేడ ఎరువు) ఒక పాలు కలపండి. పచ్చి గెత్తం వద్దు. ఎక్కువ బలం పెట్టినా ఆకు పెరుగుతుంది తప్ప పువ్వు రాదు. ఉద్దానం వైపు ఇసుక నేలలకు లెక్క వేరు. అక్కడ ఇసుక కలపక్కర్లేదు, గెత్తంతో పాటు కొబ్బరి పొట్టు కలిపితే తడి కాసేపైనా నిలుస్తుంది.

ఏ మొక్కలు?

నా ఓటు మొదట గడ్డి గులాబీకే. టేబుల్ రోజ్ అని కూడా అంటారు. మన గంగపావిల కూరకి దగ్గరి చుట్టం, పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకుంటుంది కాబట్టే ఎండంటే లెక్కలేదు. ఎండ తగిలితేనే పువ్వు విప్పుతుంది. మబ్బు పట్టినా, నీడలో పెట్టినా ముడుచుకు కూర్చుంటుంది. మూడంగుళాల కొమ్మ ముక్కలు తుంచి, జానెడు దూరంలో గుచ్చితే చాలు.

రెండోది బిళ్ళ గన్నేరు. పొట్టి రకాలు చూసి అడుగు దూరంలో నాటండి. మేకలు కూడా దీని జోలికి పెద్దగా రావు, ఆకులో అంత విషం ఉంది. రక్త క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ మందు ఈ మొక్క నుంచే తీస్తారు. షుగరుకి మంచిదని ఈ ఆకులు నమిలేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

విష్ణుక్రాంతం కొనక్కర్లేదు. వినాయక చవితి 21 పత్రుల్లో ఒకటి, బీడు నేలల్లో దానంతటదే పెరుగుతుంది. చిన్న నీలం పూలు. నర్సరీల్లో బ్లూ డేజ్ పేరుతో దొరికేది దీని విదేశీ చుట్టం, పువ్వు కాస్త పెద్దది. ఊదా రంగు పాకే లంటానా కూడా మొండిదే, రెండడుగుల దూరం ఇవ్వాలి.

కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి తీరాల్లో ఉండేవాళ్లు బీచ్‌లో ఇసుక మీద పాకే తీగను గమనించే ఉంటారు. మేక గిట్టలా చీలిన ఆకు, గులాబీ ఊదా పువ్వు. ఉప్పుగాలికి అదే సరైనది. చిన్న మడికి మాత్రం వద్దు, పాకుతూ పోతుంది.

పసుపు పూల వెడీలియాను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా నేనైతే తీసుకోను. ప్రపంచంలో చెడ్డగా విస్తరించే 100 జీవుల జాబితాలో దాని పేరుంది.

ఎప్పుడు నాటాలి?

తుపానుల భయం తగ్గాక. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. అందుకే నేను నవంబరు దాకా ఆగుతాను. బిళ్ళ గన్నేరు, విష్ణుక్రాంతం, లంటానా అప్పుడు నాటితే చలికాలంలో వేళ్లు దిగుతాయి. గడ్డి గులాబీకి వెచ్చదనం కావాలి, సంక్రాంతి వెళ్లాక గుచ్చండి.

నీళ్లు

మొదటి మూడు వారాలు రోజు విడిచి రోజు. తర్వాత వారానికోసారి, ఏప్రిల్, మే నెలల్లో రెండుసార్లు, అదీ పొద్దున్నే. అనుమానం వస్తే మట్టిలో రెండంగుళాలు వేలు దించి చూడండి, తడి తగిలితే ఊరుకోండి. మొక్కలు అల్లుకునేదాకా మధ్య ఖాళీల్లో వేరుశనగ పొట్టు పల్చగా పరవచ్చు. కాడకి ఆనించకూడదు, వానలు పడగానే తీసేయాలి.

జూన్ మొదటి వారంలో బిళ్ళ గన్నేరును మూడో వంతు కత్తిరించండి. గడ్డి గులాబీ కొమ్మలు ఓ పది తుంచి, వాన తగలని చూరు కింద, వెలుతురు పడేచోట కుండీలో దాచండి. మడిలోవి పోయినా విత్తనం మిగులుతుంది. పిన్ని అయితే అడుగు చిల్లిపడిన పాత నీళ్ల కుండలో దాస్తుంది. సంక్రాంతి వెళ్లాక వీధిలో నాలుగిళ్లకి కొమ్మలు అందులోంచే వెళ్తాయి.