4 లక్షల కిలోమీటర్ల పికప్: పొరపాటంతా ఎర్త్ తీగలో

మా పికప్ 4 లక్షల కిలోమీటర్లు దాటింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలిగేది, ఓ పట్టాన అందుకునేది కాదు. బ్యాటరీ మార్చాను. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్‌లు కొత్తవి వేయించాను. ఆ డబ్బంతా దండగే. చివరికి మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొన ఇంజన్ బ్లాక్‌కి ఆనించి, మా తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. 0.5 వోల్టు లోపే ఉండాల్సింది, 1.4 చూపించింది! బ్యాటరీ నెగటివ్‌ని ఇంజన్‌కి కలిపే ఎర్త్ తీగ పైకి బాగానే ఉంది, లోపలంతా పచ్చటి చిలుము. కొత్తది వేసి, బిగించే చోట తుప్పు, పెయింటు శుభ్రంగా గీకేశాను. ఒక్క దెబ్బకి స్టార్ట్.

అసలు తిప్పలు వెనక కమాన్ కట్టల బుష్‌లతో (కట్ట చివరి కన్నంలో బిగించే చిన్న గొట్టాలు). పాత పార్ట్ నంబరు చెబితే అది రావడం ఆగిపోయిందన్నారు. ఛాసిస్ నంబరుతో వెతికిస్తే అదే బుష్ కొత్త నంబరు మీద దొరికింది. అయినా నమ్మలేక, పాతదాని పొడవు, లోపలి బయటి వ్యాసాలు వెర్నియర్‌తో కొలిచి సరిచూశాకే కొన్నాను. అరిగిన చోట కాకుండా అంచు దగ్గర కొలవాలి, మొదటిసారి నేను అక్కడే తప్పాను. అవి వేశాక గోతుల్లో వచ్చే టకటక పోయింది. గేర్ రాడ్ వణుకు మాత్రం అలాగే ఉంది. వచ్చే వారం ఇంజన్ మౌంటింగ్‌లు చూడాలి.