కుటుంబంతో విదేశాలకు వెళ్లేవారు పౌరసత్వం విషయంలో చూసుకోవలసినవి

హైదరాబాద్ నుంచి కుటుంబ సమేతంగా వెళ్లి విదేశాల్లో స్థిరపడదలచినవారు మొదట తెలుసుకోవలసింది, భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదన్న సంగతి. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం పొందినవారు భారత పౌరసత్వం కోల్పోతారు. ఆపైన పాత పాస్‌పోర్టుతో ప్రయాణించడం నేరం. అందుచేత అక్కడ పౌరసత్వం రాగానే భారత కాన్సులేట్ ద్వారా పాస్‌పోర్టు అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకొని, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు చేయాలి. (ఈ పథకం 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోని ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ప్రారంభమైంది.)

ఓసీఐ జీవితకాల వీసాయే గాని పౌరసత్వం కాదు. దానితో ఓటుహక్కు రాదు. ఆస్తుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్లాటు కొనవచ్చు, చేవెళ్ల వైపు పొలమో ఫామ్‌హౌసో కొనడం మాత్రం కుదరదు. ఈ నిషేధం పౌరసత్వం మారాక కాక, ఎన్నారై అయినప్పటి నుంచే వర్తిస్తుందని చాలామంది గమనించరు. ఇక్కడ నివసిస్తూ కొన్న పొలాన్ని ఉంచుకోవచ్చు, వారసత్వంగానూ పొందవచ్చు గనుక, పెద్దల వీలునామా, పట్టాదారు పాసుపుస్తకం బయలుదేరకముందే సరిచూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం కోరే తల్లిదండ్రులు, బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటిస్తూ, ఏడాదిలోపు కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. అక్కడి పాస్‌పోర్టే తీసుకుంటే బిడ్డకూ ఓసీఐ అవసరం. 20 ఏళ్లు నిండాక కొత్త పాస్‌పోర్టు వచ్చినప్పుడు ఆ కార్డును ఒకసారి మళ్లీ జారీ చేయించుకోవాలి.