సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్దితే: బ్రిటన్‌కి కొత్తగా వచ్చినవారికి

ఇంగ్లండ్ వచ్చిన రెండో నెలలో, పొద్దున్నే కాలేజీకి వెళ్తుంటే, ఎడమకి తిరుగుతున్న ఒక కారు నా సైకిల్‌ని పక్కనుంచి తోసేసింది. డ్రైవరు దిగి "ఆర్ యూ ఓకే?" అని మూడుసార్లు అడిగాడు. నేను మూడుసార్లూ "ఐ యామ్ ఫైన్" అన్నాను. పైగా సారీ కూడా నేనే చెప్పాను. పాపం ఆఫీసుకి లేటవుతోందేమో అనుకున్నాను, వెళ్లమన్నాను. సాయంత్రానికి కుడి మణికట్టు వాచిపోయి అన్నం కలుపుకోవడం కూడా కష్టమైంది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. పన్నెండు రోజుల తర్వాత తీసిన రెండోదానిలో, బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక విరిగిందని తేలింది. ఆ ఎముకకి అది మామూలేనట, మొదట్లో దాక్కుంటుందట. అప్పటికి నా దగ్గర కారు నంబరు లేదు, డ్రైవరు పేరు లేదు, చూసినవాళ్ల ఫోన్ నంబరు ఒక్కటీ లేదు. బూడిద రంగు కారు అన్నంత వరకే గుర్తు. మూలమీద ఉన్న కొట్టులో కెమెరా ఉందని తెలిసి వెళ్లి అడిగితే, పాత రికార్డింగ్ మీద కొత్తది పడి చెరిగిపోయిందన్నారు.

మరుసటి ఏడాది మా రూమ్మేట్‌కి, ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుని తగిలింది. వాడు నాలా కాదు, దెబ్బ తగిలిన రెండు నిమిషాల్లో నంబరు ప్లేటు ఫొటో తీసుకున్నాడు. వాడి పని సాఫీగా అయిపోయింది. ఈ రెండింటి మధ్య నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్‌ గురించి. స్కాట్లండ్‌లో కేసు నడిచే తీరు కొంత వేరు.

ముందు మన అలవాటు సంగతి. మన ఊళ్లో రోడ్డు మీద గుద్దుకుంటే నలుగురు చేరతారు. తప్పెవరిదో వాళ్లే తేలుస్తారు, చేతిలో ఐదొందలో వెయ్యో పెట్టిస్తారు, "స్టేషన్ దాకా ఎందుకులే బాబూ" అని పంపించేస్తారు. స్టేషన్‌కి వెళ్తే ఎఫ్ఐఆర్, కోర్టు, వాయిదాలు అన్న భయం మనకి చిన్నప్పటి నుంచీ ఉంది. ఇక్కడ నలుగురు చేరరు. ఒకరిద్దరు ఆగి, మీరు బాగానే ఉన్నారని అనగానే వెళ్లిపోతారు. తీర్పు చెప్పే పెద్దమనిషి ఎవరూ ఉండరు కాబట్టి, ఏం జరిగిందో కాగితం మీదికి ఎక్కించుకోవాల్సింది మీరే. ఎక్కువ మంది విషయంలో ఆ పని ఇంట్లో కూర్చుని ఒక ఫారం నింపడం, అంతే.

చట్టం ఏమంటోందంటే: 1988 రోడ్ ట్రాఫిక్ యాక్ట్, 170వ సెక్షన్. మోటారు వాహనం వల్ల మరొకరికి గాయమైనా, మరొకరి బండికి దెబ్బ తగిలినా ఆ డ్రైవరు ఆగి తీరాలి. అడిగినవాళ్లకి తన పేరు, అడ్రసు, బండి యజమాని వేరైతే వాళ్ల వివరాలు, రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి. అక్కడ ఇవ్వకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల లోపు, పోలీసులకి తానే చెప్పాలి. ఆగకుండా పోతే లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు పడతాయి, 6 నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. ఈ బాధ్యత డ్రైవరుది. మామూలు సైకిల్ తొక్కేవాళ్లకి ఈ సెక్షన్ వర్తించదు. అయినా మీరు రిపోర్టు ఇవ్వాలి, ఎందుకంటే డ్రైవరు ఇస్తాడన్న నమ్మకం లేదు. ఇచ్చినా, ఆయన వైపు కథ మాత్రమే అందులో ఉంటుంది.

ఇక రోడ్డు మీద. లేవగలిగితే ముందు పక్కకి జరగండి. మెడ, తల, వెన్ను నొప్పిగా ఉంటే కదలకండి, 999కి ఫోన్ చేసి అంబులెన్స్ అడగండి. డ్రైవరు పారిపోయినా, తాగి ఉన్నట్టు అనిపించినా, మీద మీదకి వస్తున్నా 999కే ఫోన్ చేయండి. అంత అత్యవసరం కాకపోతే పోలీసులకి 101. ఇండియా నుంచి వచ్చిన కొత్తలో చాలామంది 100 కొట్టేస్తారు, ఇక్కడ అది పోలీసుల నంబరు కాదు.

అన్నిటికన్నా ముందు నంబరు ప్లేటు ఫొటో. ఇక్కడ ముందు ప్లేటు తెల్లగా, వెనక ప్లేటు పసుపుపచ్చగా ఉంటాయి. 2001 తర్వాతి బళ్లకి రెండు అక్షరాలు, రెండు అంకెలు, కాస్త ఖాళీ, మూడు అక్షరాలు, ఈ వరుస. ఫోన్ పగిలిపోతే ఆ నంబరు పైకి గట్టిగా చదువుకుంటూ ఉండండి, పక్కనున్నవాళ్లని రాసుకోమనండి. సరిగ్గా రాసుకున్నామా లేదా అని అనుమానం వస్తే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడండి. బండి ఏ కంపెనీదో, ఏ రంగుదో ఉచితంగా చూపిస్తుంది. మీకు గుర్తున్న కారు నీలంది, అక్కడ ఎరుపు అని వస్తే ఏదో అక్షరం తప్పు పడిందన్నమాట.

తర్వాత కారు ఆగిన చోటు, మీ సైకిల్ పడిన చోటు, రోడ్డు మీద గీతలు, రెండు బళ్లకీ తగిలిన దెబ్బలు, ఇవన్నీ ఫొటోలు తీయండి. డ్రైవరు పేరు, ఫోన్ నంబరు, ఇన్షూరెన్స్ కంపెనీ పేరు అడగండి. చూసినవాళ్లని కూడా మొహమాటపడకుండా అడగండి. ఇక్కడివాళ్లు తమంతట తాము ముందుకు రారు గానీ, అడిగితే చాలామంది ఇస్తారు. బస్సు పక్కనుంచి వెళ్లి ఉంటే దాని రూటు నంబరు, టైము రాసుకోండి. బస్సుల్లో కెమెరాలుంటాయి. కెమెరాలో మీరు పడి ఉంటే ఆ కాపీ అడిగే హక్కు మీకు డేటా రక్షణ చట్టం కింద ఉంది. అయితే ఆ రికార్డింగులు ఎక్కువ రోజులు ఉండవు, ఆ రోజో మర్నాడో రాతపూర్వకంగా అడగాలి. నా మూల కొట్టు సంగతి చెప్పాను కదా.

మాట విషయం. "సారీ" మన నోట్లో ఊరికే వస్తుంది, ఇక్కడికొచ్చాక ఇంకా ఎక్కువగా వస్తుంది. బాగున్నారా అని అడిగితే "ఇంకా తెలియదు, డాక్టరుకి చూపించుకోవాలి" అనండి. నిజం కూడా అదే. దెబ్బ తగిలిన వేడిలో నొప్పి తెలియదు. "పోలీసులెందుకు, సైకిల్ బాగు చేయించడానికి ఓ యాభై పౌండ్లు ఇచ్చేస్తాను" అనే డ్రైవర్లు ఇక్కడా ఉన్నారు. ఆ డబ్బు తీసుకుని వివరాలు తీసుకోకుండా వదిలేయకండి. ఒక్క చక్రం మార్చడానికే అంతకన్నా ఎక్కువ అవుతుంది.

రిపోర్టు ఇవ్వాల్సింది మీరు ఉండే ఊరి పోలీసులకి కాదు, ప్రమాదం జరిగిన చోటు ఏ పోలీసుల పరిధిలో ఉందో వాళ్లకి. లండన్‌లో ఎక్కువ భాగానికి మెట్రోపాలిటన్ పోలీసులు, నడిబొడ్డున ఉన్న "సిటీ ఆఫ్ లండన్" అనే చిన్న ప్రాంతానికి మాత్రం వేరే పోలీసులు. వెబ్‌సైటులో రోడ్డు ప్రమాదాల ఫారం ఉంటుంది. పోలీసులు "యాక్సిడెంట్" అనరు, "కొలిజన్" అంటారు, ఆ మాటతో వెతకండి. స్టేషన్ కౌంటర్‌కి వెళ్లీ ఇవ్వవచ్చు, 101కి ఫోన్ చేసీ ఇవ్వవచ్చు. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే తెలుగు దుబాసీ కావాలని అడగండి.

ఫారంలో మీ మాటల్లో రాయమనే డబ్బా ఒకటి ఉంటుంది. అందరూ తడబడేది అక్కడే. మనం కోపంతో మొదలుపెడతాం, "ఆ డ్రైవరు చాలా నిర్లక్ష్యంగా" అని. అది తీసేయండి. నిర్లక్ష్యమో కాదో వాళ్లు తేలుస్తారు. ఫలానా రోడ్డు మీద, ఫలానా వైపు వెళ్తున్నాను, అంచుకి మీటరు దూరంలో ఉన్నాను, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలుగుతున్నాయి, కారు నన్ను దాటి, ఇండికేటరు వేయకుండా నా ముందునుంచి ఎడమకి తిరిగింది, దాని ఎడమ వెనక తలుపు నా హ్యాండిల్‌కి తగిలింది. ఇలా, చిన్న చిన్న వాక్యాల్లో, కళ్లతో చూసింది మాత్రమే. గుర్తులేనిది గుర్తులేదని రాయండి. హెల్మెట్ పెట్టుకున్నారా అని అడగవచ్చు. లేకపోయినా కంగారు పడకండి, బ్రిటన్‌లో సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరి అని చట్టంలో లేదు. లైట్ల విషయం అలా కాదు. చీకటి పడ్డాక ముందు తెలుపు, వెనక ఎరుపు లైట్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. నవంబరులో నాలుగున్నరకే పొద్దు కుంకుతుందని మర్చిపోకండి.

2022 జనవరిలో మారిన హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, కూడా తెలిసి ఉంటే మంచిది. ఎడమకి తిరిగే కారు, నేరుగా వెళ్తున్న సైకిల్‌కి అడ్డంగా రాకూడదు. సైకిల్‌ని దాటేటప్పుడు, 30 మైళ్ల వేగం వరకు, కనీసం 1.5 మీటర్లు ఎడం ఇవ్వాలి. కారు తలుపు తీసేవాళ్లు తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తీయాలి, అప్పుడు ఒళ్లు తిరిగి వెనక చూపు పడుతుంది. ఈ మాటలు మీ రిపోర్టులో వాదనగా కాదు గానీ, ఏ వివరం ముఖ్యమో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

కెమెరా పెట్టుకుని తొక్కేవాళ్లయితే ఆ వీడియోని ఎడిట్ చేయకుండా అలాగే ఉంచండి. గుద్దిన క్షణం ఒక్కటే కాకుండా అంతకు ముందు, ఆ తర్వాత రెండేసి నిమిషాలు కూడా ఇవ్వండి. సోషల్ మీడియాలో పెట్టే ఉత్సాహం ఆపుకోండి, కేసు కోర్టుకి వెళ్తే అది అడ్డం పడవచ్చు. గుద్దకుండా చాలా దగ్గరగా దూసుకెళ్లిన బళ్ల వీడియోలు కూడా "ఆపరేషన్ స్నాప్" పేరుతో చాలాచోట్ల పోలీసులు తీసుకుంటారు. అలాంటి వాటిలో 14 రోజుల లోపు బండి యజమానికి నోటీసు చేరాలి కాబట్టి రెండు మూడు రోజుల్లోనే పంపేయాలి.

రిపోర్టు ఇచ్చాక ఒక రిఫరెన్సు నంబరు వస్తుంది. దాన్ని పాస్‌పోర్టులా దాచుకోండి. కారు నంబరు ఉంటే పోలీసులు యజమానికి లేఖ పంపి, ఆ సమయంలో నడిపింది ఎవరో 28 రోజుల్లో చెప్పమంటారు. ఆ తర్వాత డ్రైవరుని ఒక శిక్షణ కోర్సుకి పంపవచ్చు, 100 పౌండ్ల ఫైను, 3 పాయింట్లు వేయవచ్చు, కోర్టుకి పంపవచ్చు, ఏమీ చేయకపోవచ్చు కూడా. ఉత్తరం వస్తుందని ఎదురు చూస్తూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. అజాగ్రత్త డ్రైవింగ్ కేసు ప్రమాదం జరిగిన 6 నెలల లోపు మొదలుపెట్టాలి, కాబట్టి మూడో నెలలోనే మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి. నేనిచ్చిన రిపోర్టుకి "తదుపరి చర్య లేదు" అని రెండు లైన్లు వచ్చాయి. నంబరే లేనప్పుడు వాళ్లు మాత్రం ఏం చేస్తారు? మా రూమ్మేట్ విషయంలో అవతలి వ్యక్తిని కోర్సుకి పంపారు.

మనవాళ్లలో చాలామంది వెనకడుగు వేసేది వీసా భయంతో. బాధితుడిగా రిపోర్టు ఇవ్వడం నేరం కాదు, మీ మీద కేసూ కాదు. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు స్వయం ఉపాధి చేయకూడదు. ఫుడ్ డెలివరీ యాప్‌లలో చాలావరకు పని అదే లెక్కలోకి వస్తుంది, వేరొకరి అకౌంటు అద్దెకి తీసుకున్నా సరే. అలాంటి ట్రిప్పులో దెబ్బ తగిలితే ముందు ఆసుపత్రికి వెళ్లండి, తర్వాత యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్‌లో ఉచిత సలహా తీసుకుని మాట్లాడండి. అబద్ధం మాత్రం చెప్పకండి. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే మోటారు 250 వాట్లు మించకూడదు, గంటకి 15.5 మైళ్లు దాటాక దాని సాయం ఆగిపోవాలి. కిట్ బిగించి వేగం పెంచిన బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే. దానికి లైసెన్సు, ఇన్షూరెన్స్ కావాలి, పైన చెప్పిన 170వ సెక్షన్ కూడా అప్పుడు మీకే వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని కొనేముందు ఇది చూసుకోండి.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో చూపించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టినవాళ్లకి ఆ తర్వాతి వైద్యం కూడా అందులోదే. డాక్టరుకి "కారు గుద్దింది" అని స్పష్టంగా చెప్పండి, అది మీ రికార్డులో ఎక్కాలి. చిరిగిన బట్టలు, పగిలిన హెల్మెట్ పారేయకండి. సైకిల్ షాపులో రిపేరు అంచనా కాగితం రాయించుకోండి. నష్టపరిహారం డ్రైవరు ఇన్షూరెన్స్ నుంచి వస్తుంది. గాయానికి దావా వేయడానికి మామూలుగా 3 ఏళ్ల గడువు ఉంటుంది. డ్రైవరుకి ఇన్షూరెన్స్ లేకపోయినా, నాలాగా డ్రైవరు ఎవరో తెలియకపోయినా, మోటార్ ఇన్షూరర్స్ బ్యూరో అని ఒక సంస్థ ఉంది, అక్కడ అడగవచ్చు. వాళ్లు పోలీసు రిఫరెన్సు నంబరు కూడా అడుగుతారు.

ఈలోగా ఎవరెవరో ఫోన్లు చేస్తారు, "మీకు ప్రమాదం జరిగిందని తెలిసింది, గెలిస్తేనే ఫీజు" అని. మీరు వెతుక్కుని వెళ్లిన సొలిసిటర్ (లాయరు) వేరు, తనంతట తాను ఫోన్ చేసినవాడు వేరు. రెండోవాడైతే ఫోన్ పెట్టేయండి.