జపాన్ తాడుకట్టా, పాశ్చాత్య తాడుకట్టా? మీ ఇష్టం ఏదో తెలుసుకోవడం ఎలా?

శృంగారంలో భాగంగా ఒకరు ఇంకొకరిని తాళ్లతో కట్టే తాడుకట్టు మీద ఆసక్తి కలిగిన జంటలు చాలావరకు ఫొటోలతోనే మొదలుపెడతాయి. వీపంతా అల్లుకున్న జనపనార తాళ్లు చూస్తే ఒకరికి మనసు లాగుతుంది. మణికట్లకు నాలుగు చుట్లు, ఒక గట్టి ముడి ఉన్న ఫొటో చూస్తే ఇంకొకరికి లాగుతుంది. కానీ ఫొటోలో కనిపించేది కట్టు ఒక్కటే. కట్టించుకున్న మనిషికి లోపల ఎలా ఉందో అందులో కనిపించదు. ఏ పద్ధతి నచ్చిందన్నది ఒళ్లే చెప్పాలని, అందులోనూ కట్టించుకునేవారి మాటకే బరువు ఎక్కువ ఇవ్వాలని నా గట్టి నమ్మకం. పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరు మనసారా ఒప్పుకుంటేనే ఇది మొదలవ్వాలి. ఒప్పుకున్నవారు మధ్యలో ఎప్పుడు వద్దన్నా అక్కడితో ఆగిపోవాలి.

తేడా ఎక్కడుంది?

జపాన్‌లో ఎడో కాలంలో (1603–1868) ఖైదీలను తాళ్లతో కట్టడానికి హోజోజుత్సు అనే యుద్ధవిద్య ఉండేది. ఆ కట్లను చిత్రకారుడు ఇతో సెయియు (1882–1961) శృంగార చిత్రాల్లోకి తెచ్చాడు. ఇప్పుడు కిన్‌బాకు, షిబారి అంటున్నది ఆ దారిలో పెరిగినదే. ఇందులో ముడులు తక్కువ. గరుకైన జనపనార తాడు ఒకదాన్నొకటి పట్టుకునే గుణంతో, బిగువుతో కట్టు నిలుస్తుంది. కట్టడమే ఇక్కడ అసలు ఘట్టం. తాడు లాగే వేగం, మధ్యలో ఆగడం, వెనక కూర్చున్న మనిషి ఊపిరి, అన్నీ అందులో భాగమే. యుకిమురా హరుకి లాంటి గురువులు నేల మీద కూర్చోబెట్టి, కొద్దిపాటి తాడుతోనే ఇద్దరి మధ్య దగ్గరితనం పుట్టించేవారు.

పాశ్చాత్య పద్ధతి వేరే చోట పుట్టింది. 1950ల న్యూయార్క్‌లో ఇర్వింగ్ క్లా అనే ఫొటోల వ్యాపారి అమ్మిన, మోడల్ బెట్టీ పేజ్ తాడుకట్టు ఫొటోలు దానికి బాగా తెలిసిన గుర్తు. కాటన్, నైలాన్ తాళ్లు, స్పష్టమైన ముడులు, రెండు వైపులా సమానంగా ఉండే కట్లు. కదలలేకపోవడమే ఇక్కడ ముఖ్యం. కట్టడం త్వరగా ముగించి, ఆ తర్వాత జరిగేదాని మీదే మనసు పెడతారు.

ఈ రెంటి మధ్య గోడేమీ లేదు, చాలామంది కలిపే కడతారు. అయినా మొదటిసారి విడివిడిగా రుచి చూస్తేనే తేడా తెలుస్తుంది.

1. ముందు మాట్లాడుకోండి

"నీకు షిబారి ఇష్టమా?" అని అడిగితే జవాబు రాదు. "కడుతున్నంతసేపూ నా చేతులు నీ మీద ఉండాలా, లేక త్వరగా కట్టేసి వదిలేయాలా?" అని అడగండి. "తాడు గరుకు తగలడం బాగుంటుందా, మెత్తగా ఉండాలా?" "కదలలేకపోతే హాయిగా అనిపిస్తుందా, గాభరా వస్తుందా?" ఇలాంటివి అడగండి. పాత గాయాలు, కీళ్ల నొప్పులు, గతంలో తిమ్మిర్లు వచ్చిన చోట్లు కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. ఆపమనడానికి ఒక మాట పెట్టుకోండి. "ఎరుపు" అంటే వెంటనే విప్పాలి, "పసుపు" అంటే కాస్త సర్దాలి. మందు తాగిన రోజు తాడు జోలికే వెళ్లొద్దు.

2. తాళ్లు, కత్తెర

జపాన్ పద్ధతికి 6 మిల్లీమీటర్ల మందం, 7–8 మీటర్ల పొడవున్న జనపనార తాడు వాడతారు. కొత్త తాడుకు నూగు ఉంటుంది. మంట మీదుగా చకచకా తిప్పి నూగు కాల్చి, కాస్త నూనె రాసి తుడుస్తారు. పాశ్చాత్య పద్ధతికి 6–8 మిల్లీమీటర్ల కాటన్ తాడు చాలు, ఉతుక్కోవచ్చు. అయితే కాటన్ సాగుతుంది, గట్టిగా లాగితే ముడి బిగుసుకుపోయి విప్పడం కష్టమవుతుంది. నైలాన్ నున్నగా ఉంటుంది కాబట్టి దాని ముడి జారే ప్రమాదం ఉంది. ఏ తాడైనా చర్మం మీద విసురుగా లాగితే ఒరుసుకుని మంట పుడుతుంది.

మొన మొద్దుగా ఉండే సేఫ్టీ కత్తెర చేతికి అందేలా ఉండాలి. అది లేకుండా మొదలుపెట్టకండి.

3. రెండింటికీ పనికొచ్చే ఒక కట్టు

దీన్ని ముందు కుర్చీ కాలు మీద నేర్చుకోండి. తాడును సగానికి మడవండి. మడత కొస పట్టుకుని ఒక మణికట్టు చుట్టూ రెండు చుట్లు పక్కపక్కన తిప్పండి. చుట్ల కింద రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. మడత కొసను పొడవాటి తాడు మీదుగా అడ్డం వేసి, చుట్లన్నిటి కిందుగా దూర్చి పైకి లాగండి. ఆ కొసనూ పొడవాటి తాడునూ కలిపి, మొదటి మెలికకు ఎదురు దిశలో ఇంకో ముడి వేయండి. ఇప్పుడు పొడవాటి తాడును అన్ని వైపులకూ లాగి చూడండి. చుట్లు బిగుసుకోకూడదు. బిగుసుకుంటే అది జారుముడి అయిందన్నమాట, విప్పి మళ్లీ కట్టండి.

4. పాశ్చాత్య పద్ధతిలో

చేతులు ఒంటి ముందే ఉంచి, రెండు మణికట్ల మధ్య కాస్త ఖాళీ వదిలి, రెంటినీ కలిపి మూడు చుట్లు తిప్పండి. మిగిలిన తాడును మణికట్ల మధ్యగా, చుట్ల మీద అడ్డంగా రెండుసార్లు తిప్పి ముడి వేయండి. ముడి వేళ్లకు అందని వైపు ఉండాలి. అడ్డం చుట్టును బిగించి లాగొద్దు, బొటనవేలి వైపు నరం నలుగుతుంది. పది నిమిషాలు అలాగే ఉంచి పక్కనే ఉండండి. కట్టిన మనిషిని ఒంటరిగా వదిలి గది దాటొద్దు.

5. జపాన్ పద్ధతిలో

విప్పి కాసేపు ఆగాక, నేల మీద కూర్చోబెట్టి మీరు వెనక ఆనుకుని కూర్చోండి. చేతులు కలపకుండా, ఛాతీ కింద పక్కటెముకల చుట్టూ మడిచిన తాడును మెల్లగా తిప్పండి. వారు ఊపిరి వదిలినప్పుడు తాడు ఒంటికి తగులుతూ ఉండాలి, లోతుగా పీల్చుకోవడానికి చోటుండాలి. ఒక చుట్టు నిదానంగా, ఇంకోటి కాస్త చురుగ్గా వేయండి. తాడు కింద మడతపడ్డ చర్మాన్ని వేలితో సరిచేయండి. మెడ ముందు నుంచి తాడు పోనివ్వొద్దు.

చేతులను వెనక్కి మడిచి మొండేనికి కట్టే తకాతె కోతె అందరికీ కనిపించే కట్టే. దాన్ని మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. భుజం కింద బయటివైపు ఉండే రేడియల్ నరం నలిగితే మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోతుంది. కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఏ కట్టులోనైనా మధ్యమధ్య వేళ్లు పిడికిలి బిగించి తెరవమనండి, మణికట్టు పైకెత్తమనండి. తిమ్మిరి, జివ్వుమనడం, బలం తగ్గడం కనిపిస్తే "ఇంకొంచెంసేపు" అనకుండా విప్పేయండి. విప్పాక దుప్పటి కప్పి, నీళ్లిచ్చి, దగ్గర కూర్చోండి.

6. మర్నాడు అడగండి

అప్పటికప్పుడు అడిగితే "రెండూ బాగున్నాయి" అంటారు. మర్నాడు అడిగితే గుర్తున్నది చెబుతారు. "నువ్వు వెనక ఊపిరి పీల్చడం" అన్నారంటే వారి మొగ్గు జపాన్ పద్ధతి వైపు. "విడిపించుకోలేకపోయాను" అని కళ్లు మెరిశాయంటే పాశ్చాత్య పద్ధతి వైపు.

ఇద్దరి ఇష్టాలూ వేరైతే, కట్టేవారికి నచ్చిన తాడుతో కట్టించుకునేవారికి నచ్చిన వేగంలో కట్టి చూడండి. జనపనారతోనే చకచకా మణికట్లు కట్టొచ్చు, మెత్తని కాటన్‌తోనే అరగంట నిదానంగా అల్లొచ్చు. గాల్లో వేలాడదీయడం మీదికి మనసు పోతే ఇంట్లో ప్రయత్నించకుండా, అనుభవం ఉన్న గురువు దగ్గర ఎదురుగా కూర్చుని నేర్చుకోండి.