రోబోకి ఏ పని అప్పగిస్తారు? వృద్ధుల సేవ నేర్చుకునేవాళ్ల మనసు తెలుసుకునే పద్ధతి

అమలాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల నర్సింగ్ స్కూళ్లలో, హోమ్ కేర్ శిక్షణ కేంద్రాల్లో పాఠం చెప్పేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడిపోగా పెద్దవాళ్లు ఒంటరిగా మిగిలిన ఇళ్లు డెల్టాలో ఊరూరా ఉన్నాయి. రేపు ఆ ఇళ్లకు పనికి వెళ్లేది ఈ విద్యార్థులే. కొందరు గల్ఫ్‌కి వెళ్తారు, కొందరు ఇంకా దూరం వెళ్తారు. యంత్రాల గురించి వాళ్లేమనుకుంటున్నారో ముందే తెలిస్తే పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో మనకు తెలుస్తుంది.

“రోబోలంటే మీకు ఇష్టమేనా?” అని మాత్రం అడగొద్దు. సినిమాలో చూసిన మరమనిషిని తలుచుకుని ఒకరు, నేల ఊడ్చే యంత్రాన్ని తలుచుకుని ఇంకొకరు జవాబు రాస్తారు. రెండూ కలిపి లెక్కేస్తే ఏమీ తేలదు. పని పనికీ విడిగా అడగండి. మందు వేళ గుర్తుచేయడానికి సరేనన్న అమ్మాయే స్నానం చేయించడానికి ససేమిరా అంటుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ తేడానే.

ఫారం తయారీ

ఒక కాగితం, రెండు వైపులా చాలు. పైన రెండు వాక్యాల్లో అర్థం చెప్పండి: “ఇక్కడ రోబో అంటే చుట్టూ ఏం జరుగుతోందో సెన్సర్లతో గమనించి, కొంతవరకు తనంతట తానే కదిలే లేదా స్పందించే యంత్రం. మనిషి ఆకారంలో ఉండక్కర్లేదు.” దాని కింద 12 పనులు రాయండి: మందు వేళ గుర్తుచేయడం, బీపీ చూసి రాసుకోవడం, మంచినీళ్లు అందించడం, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి దింపడం, మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, నడిచేటప్పుడు ఊతమివ్వడం, రాత్రి పడిపోతే కబురు పంపడం, అన్నం తినిపించడం, స్నానం చేయించడం, డైపర్ మార్చడం, కబుర్లు చెప్పడం, ఏడుస్తుంటే ఓదార్చడం.

ప్రతి పనికీ రెండు గళ్లు గీయండి. మొదటిది “నేను చూసుకునే పేషెంటుకి రోబో ఈ పని చేస్తే”, రెండోది “మా సొంత మామ్మకో తాతయ్యకో చేస్తే”. 1 అంటే అస్సలు వద్దు, 5 అంటే నిశ్చింతగా సరే. ఈ రెండో గడి మానేయకండి. పేషెంటుకి 4 వేసి మామ్మకి 1 వేసిన పని దగ్గర తప్పకుండా చర్చ పుడుతుంది. వెనక వైపు మూడే ప్రశ్నలు: ఉద్యోగం పోతుందని భయముందా, రోబో వల్ల దెబ్బ తగిలితే మాట పడేది ఎవరు, నేర్పితే నేర్చుకుంటారా. ఆఖర్న నాలుగు ఖాళీ గీతలు వదలండి.

వేరే దేశాల ఫలితాలతో పోల్చాలనుకుంటే రోబోల పట్ల వ్యతిరేకత ఎంతుందో కొలవడానికి జపాన్‌లో నొమురా బృందం రూపొందించిన ‘నార్స్’ కొలమానం ఉంది. 14 వాక్యాలు, మూడు భాగాలు: రోబోతో మెలగడం మీద 6, సమాజం మీద దాని ప్రభావం గురించి 5, దానితో ఉన్నప్పుడు కలిగే భావాల మీద 3. చివరి మూడింటి మార్కులు తిరగేయాలి, అంటే 6లోంచి తీసేయాలి: 5 వేస్తే 1, 4 వేస్తే 2. ఇది మర్చిపోతే మొత్తం లెక్కే తారుమారవుతుంది. దాని ఇంగ్లిష్ రూపాన్ని తెలుగు చేసేటప్పుడు ఇద్దరు విడివిడిగా చేసి సరిపోల్చుకోవాలి. తర్వాత ఆ ఇంగ్లిష్ వాక్యాలు చూడని మూడో మనిషి దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చాలి. ఆపైన ఓ ఆరుగురు విద్యార్థుల చేత పైకి చదివించి, ఏం అర్థమైందో చెప్పించండి.

కాగితాలు పంచేది ఎవరు?

ఇంటర్నల్ మార్కులు వేసే టీచర్ ఆ గదిలో ఉండకూడదు. ఉంటే మేడమ్‌కి ఏది నచ్చుతుందో అదే రాస్తారు. పేరు బదులు గుర్తు వేయించండి: అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీలో రోజు, తోబుట్టువులెందరు, ఫోన్ నంబర్లో చివరి అంకె. “ల-17-2-6” అన్నమాట. తర్వాత నింపే ఫారాలను దీనితోనే జతచేస్తారు. ప్రిన్సిపాల్ అనుమతి, విద్యార్థుల సంతకంతో సమ్మతి ముందే తీసుకోండి. సమ్మతి పత్రాలను, ఫారాలను వేర్వేరు కవర్లలో పెట్టాలి.

చేత్తో ముట్టుకోనివ్వండి

మొదటి ఫారం ఏమీ చూపించకముందే, 15 నిమిషాల్లో నింపించేయండి. ముందు వీడియో వేస్తే ఆ వీడియో ఎలా ఉందో కొలిచినట్టవుతుంది, వాళ్ల అభిప్రాయం కాదు.

తర్వాత రెండు ఫొటోలు చూపండి. పారో అనే సీల్ బొమ్మ రోబో దాదాపు 2.7 కిలోలుంటుంది. నిమిరితే కదులుతుంది, పిలిస్తే తల తిప్పుతుంది. మతిమరుపు జబ్బున్న వృద్ధుల కోసం వాడతారు, 2009లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ దాన్ని వైద్య పరికరాల్లో చేర్చింది. రెండోది రోబేర్. మనిషిని మంచం మీంచి ఎత్తడానికి జపాన్‌లోని రికెన్ సంస్థ 2015లో చూపించిన ప్రయోగ యంత్రం, బరువు 140 కిలోలు. అది మన పెంకుటింటి పడకగదిలో ఎటు తిరుగుతుందో బోర్డు మీద గీయించండి.

నిజమైన రోబో దొరక్కపోతే నేల ఊడ్చే రోబో, మాట వినే స్పీకర్, మనిషిని మంచం మీంచి ఎత్తే పేషెంట్ లిఫ్ట్ తెప్పించండి. లిఫ్ట్ రోబో కాదని ముందే చెప్పండి, కానీ యంత్రం చేతుల్లో ఒళ్లు ఎలా ఉంటుందో అదే నేర్పుతుంది. ఒక విద్యార్థిని లిఫ్ట్‌కి తగిలించే గుడ్డ ఉయ్యాల లాంటి స్లింగ్‌లో పడుకోబెట్టి, ఇద్దరు కలిసి ఎత్తాలి. స్లింగ్ మీది బరువు పరిమితి చదవండి, పట్టీల కుట్లు లాగి చూడండి. వీల్‌చైర్‌కి బ్రేకులు వేయాలి. ఎత్తేటప్పుడు లిఫ్ట్ చక్రాలకు మాత్రం సాధారణంగా వేయరు, బరువుకి తగ్గట్టు అది సర్దుకోవాలి. వేస్తే ఒరిగే ప్రమాదముంది. యంత్రంతో వచ్చిన పుస్తకం వేరేలా చెబితే దాన్నే పాటించండి. కాళ్లు గాల్లోకి లేచిన క్షణాన ఏమనిపించిందో పడుకున్న అమ్మాయి చేతనే చెప్పించండి. నడుము నొప్పి లేకుండా ఎత్తగలిగామని సంబరపడ్డ ఇద్దరూ అది వినాలి.

ఊడ్చే రోబోను గడప దగ్గర వదలండి. సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తు దాటితే చాలావరకు ఆగిపోతాయి. టేపుతో గడప కొలిపించండి. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీసేయమని ఏ మామ్మగారినీ అడగలేం కదా. స్పీకర్‌తో “మందేసుకున్నానండీ”, “ఆయ్” అని మన యాసలోనే మాట్లాడించి ఎన్నిసార్లు అర్థం చేసుకుందో రాయించండి. ఆఖర్న ప్లగ్ పీకేయండి. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు లేకపోతే మందు గుర్తుచేసేదెవరో అప్పుడు అడగండి.

చర్చకు ఒక్క సందర్భం చాలు. రాజోలు దగ్గర పల్లెలో 78 ఏళ్ల మామ్మగారు ఒంటరిగా ఉంటారు. పడిపోతే తెలియాలని విదేశంలో ఉన్న కొడుకు పడకగదిలో కెమెరా ఉన్న రోబో పెట్టించాడు. ఆవిడ దాని మీద తువ్వాలు కప్పేస్తున్నారు. పనికి వెళ్లిన మీరేం చేస్తారు? ఐదుగురేసి కూర్చుని మాట్లాడాలి, ముందు ప్రతి ఒక్కరూ చీటీ మీద రాయాలి. లేకపోతే ఇద్దరే మాట్లాడతారు.

లెక్క చూడటం

అదే ఫారాన్ని చర్చ అయ్యాక ఒకసారి, క్లినికల్ పోస్టింగ్ నుంచి వచ్చాక మరోసారి నింపించండి. చర్చ జరిగిన రోజు మార్కులు పెరగడం మామూలే. కొత్త వస్తువు ముచ్చట, మనల్ని నొప్పించకూడదన్న మొహమాటం రెండూ అందులో ఉంటాయి. వార్డులో పని చూసొచ్చాక వేసిన మార్కే నమ్మదగ్గది. 40 మంది ఉన్న తరగతికి శాతాలు వద్దు. “స్నానం విషయంలో ఎంతమంది రెండు అంతకంటే ఎక్కువ మెట్లు మారారు, ఎటువైపు” అని తలలు లెక్కపెట్టండి.

తక్కువ మార్కు వేసిన అమ్మాయిని వెనకబడిందనుకోవద్దు. ఓదార్చడానికి 1 వేసిందంటే ఆ పని విలువ ఆమెకు బాగా తెలుసు. అన్నిటికీ 5 వేసిన కాగితాలే మళ్లీ చూడాల్సినవి. చదవకుండా నింపారా, లేక పేషెంటును ముట్టుకోవడమే ఇబ్బందిగా ఉందా? పేరు తెలియదు కాబట్టి తరగతి మొత్తానికీ కలిపి మాట్లాడండి.

తర్వాతి వారమే ఫలితాలు బోర్డు మీద రాయండి. రెండు గళ్ల మధ్య తేడా బాగా ఎక్కువున్న రెండు పనులకు ప్రాక్టికల్ గంటలు పెంచండి.